టర్బోకు ముందు కంప్రెషన్ తగ్గించే తీరు

సంపాదకులకు నమస్కారం.

పాత పెట్రోల్ కార్లకు టర్బో బిగించమని వచ్చే యువకులను చూసి, ఏళ్లుగా ఇంజిన్లు విప్పుతున్న మెకానిక్‌గా ఈ లేఖ రాస్తున్నాను. టర్బో గాలిని ఒత్తి పంపుతుంది కాబట్టి, 10:1 కంప్రెషన్‌ను (పెట్రోల్-గాలి మిశ్రమాన్ని పదో వంతు చోటుకు నొక్కడం) అలాగే ఉంచి బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) పెంచితే, స్పార్క్ మంట చేరకముందే మిశ్రమం తనంతట తాను పేలి (దీన్నే నాకింగ్ అంటాం) పిస్టన్‌ను విరగ్గొడుతుంది. దీనికి విరుగుడుగా కంప్రెషన్ తగ్గించాలని హెడ్ (సిలిండర్లపై మూత) కింద రెండు గాస్కెట్లు (సందు మూసే పలుచని రేకులు) వేయడం నాకు ఆందోళన కలిగిస్తోంది.

1298 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను 8.5:1కి దించాలంటే ఒక్కో దహన గదిలో (పిస్టన్ పైకి చేరినప్పుడు మిశ్రమానికి మిగిలే చోటులో) సుమారు 7 సీసీల చోటు పెరగాలి. 74 మి.మీ. బోరులో (సిలిండర్ లోపలి వ్యాసం) అది గాస్కెట్‌తోనే తేవాలంటే మందం దాదాపు 1.7 మి.మీ. పెరుగుతుంది. అప్పుడు పిస్టన్ అంచుకూ హెడ్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు దాకా ఉండవలసిన సందు బాగా పెరిగి, మిశ్రమాన్ని నడిమికి చిమ్మే వేగం చచ్చి, వద్దనుకున్న నాకింగే మళ్లీ వస్తుంది. అలా చేసిన ఒక కారు హెడ్ విప్పితే, మూడు పిస్టన్ల తలలు మసిబారి ఉండగా, నీళ్లు కారిన నాలుగోది ఆవిరికి కడిగినట్టు తెల్లగా మెరిసింది.

ఉన్న పిస్టన్‌ను లేతుపై చెక్కితే తల పలచబడుతుంది. కాబట్టి చోటు పెంచేలా నడుమ గుంట ఉన్న ఫోర్జ్‌డ్ (లోహాన్ని ఒత్తి గట్టిగా చేసిన) పిస్టన్లే వేయాలి. హెడ్‌ను తిరగేసి, బ్యూరెట్‌తో (గీతలున్న కొలత గొట్టం) కిరోసిన్ పోసి ప్రతి గదిలో ఎంత పడుతుందో కొలవాలి. ఆర్‌సీ వివరాలు మారే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది గనుక, రోడ్డెక్కని రేసు ట్రాక్ బండ్లకు మాత్రమే నేను ఈ పని ఒప్పుకుంటాను. ఈ కొలత పద్ధతిని ఐటీఐలలో చేతితో చేయించి నేర్పాలని కోరుతున్నాను.

– ఒక ఇంజిన్ మెకానిక్, విజయవాడ