ఇటలీ చారిత్రక నగరాల యాత్రలో సేవాలోపంపై ఫిర్యాదు, సొమ్ము వాపసు కోరుతూ లేఖ

చీరాల,
బాపట్ల జిల్లా.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
విదేశీ యాత్రల సంస్థ ప్రధాన కార్యాలయం,
హైదరాబాద్.

విషయం: 2025 అక్టోబరులో మీ సంస్థ నిర్వహించిన ఇటలీ యాత్రలో ఒప్పుకున్న ప్రవేశాలు కల్పించకపోవడం, అమల్లో లేని రుసుమును వసూలు చేయడం గురించి.

అయ్యా,

నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ని. నేనూ నా భార్యా మీ సంస్థ ద్వారా రోమ్, ఫ్లోరెన్స్, పీసా, సియెనా, వెనిస్ నగరాల యాత్రకు వెళ్లాం. తిరిగి రాగానే మీ కస్టమర్ కేర్ విభాగానికి ఈమెయిల్ ద్వారా ఫిర్యాదు పంపాను. రోమ్‌లో కాథలిక్ చర్చి జరుపుకొనే పవిత్ర సంవత్సరమైన జూబిలీ రద్దీ, స్థానిక నిబంధనలు మొదలైన, మీ చేతుల్లో లేని కారణాల వల్ల కార్యక్రమంలో స్వల్ప మార్పులు చేయవలసి వచ్చిందని, అందుకు పరిహారం ఉండదని వారు క్లుప్తంగా జవాబిచ్చారు. ఆ జవాబును నేను అంగీకరించలేకపోతున్నాను. మేము నష్టపోయిన వాటిలో ఏ ఒక్కటీ వర్షం వల్లనో, సమ్మె వల్లనో, ఎవరికైనా జబ్బు చేయడం వల్లనో జరిగింది కాదు. ఏ మ్యూజియానికి వారంలో ఏ రోజు సెలవో, ఏ టికెట్ ఎన్ని గంటలు చెల్లుతుందో, ఏ నగరంలో బృందానికి ఎంతమంది మించకూడదో ఆయా సంస్థలు చాలా ముందుగానే బహిరంగంగా ప్రకటించాయి. జూబిలీ కూడా సాధారణంగా పాతికేళ్లకోసారి వచ్చేదే. 2025లో వస్తుందని తెలిసే మీరు ఆ ఏడాదికి బుకింగులు తీసుకున్నారు. ఇవన్నీ చూసుకోకుండా కార్యక్రమం తయారుచేయడమే మా నష్టానికి అసలు కారణం.

అక్టోబరు 11, శనివారం మమ్మల్ని రోమ్‌లో కొలోసియం దగ్గరకు తీసుకువెళ్లారు. లోపలి ప్రవేశం అదనపు కార్యక్రమమని చెప్పి మనిషికి 60 యూరోలు బస్సులోనే నగదుగా తీసుకున్నారు. రసీదు ఇవ్వలేదు. అక్కడి సాధారణ టికెట్ అధికారిక ధర 18 యూరోలు. ఆ టికెట్ మీదే ఆనుకుని ఉన్న, ప్రాచీన రోమ్ నగర కేంద్రపు శిథిలాలైన రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కూడా చూడవచ్చు, 24 గంటల పాటు అది చెల్లుతుంది. మిగిలిన సొమ్ము స్థానిక గైడుకని టూర్ మేనేజర్ చెప్పారు గానీ గైడు రానేలేదు. ఇటలీలో గైడుగా పనిచేయడానికి ప్రభుత్వ అర్హత ఉండాలి కాబట్టి తాను లోపల ఏమీ వివరించకూడదని ఆయనే అన్నారు. ఆయన చెప్పింది సరైనదే. అందుకే గైడును మీరు ముందుగా ఏర్పాటు చేయవలసింది. మాకు సాయంకాలపు ప్రవేశ సమయం తీసుకున్నందువల్ల, క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించిన ఆ మహా కట్టడాన్ని చెప్పేవారెవరూ లేకుండా చూసి బయటికి వచ్చేసరికి ఫోరం ప్రవేశం ముగిసింది.

మరునాడు అక్టోబరు 12, ఆదివారం. ఆ ఉదయం మమ్మల్ని వాటికన్ మ్యూజియంల గోడ వెంట నడిపించి, మూసిన తలుపు దగ్గర నిలబెట్టారు. నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాల్లో వాటికన్ మ్యూజియంలు తెరవరు. సిస్టీన్ ప్రార్థనాలయానికి సందర్శకులు వెళ్లే దారి ఆ మ్యూజియంల గుండానే కనుక అదీ పోయింది. మీ బ్రోషర్ అట్ట మీద అచ్చువేసుకున్నది ఆ ప్రార్థనాలయం పైకప్పునే. మైకెలాంజెలో 1508 నుంచి 1512 వరకు పరంజా మీద నిలబడి, తల పైకెత్తి, తడి సున్నం మీద వేసిన ఆ చిత్రాలను ఒక్కసారి చూడాలన్న కోరికే మాలో చాలామందిని ఈ యాత్రకు రప్పించింది. అప్పటికి మా కొలోసియం టికెట్ల గడువు ఇంకా మిగిలే ఉంది. మా పేర్ల మీద ఉన్న ఆ టికెట్లు టూర్ మేనేజర్ దగ్గరే ఉన్నాయి. కనీసం ఇప్పుడైనా ఫోరంకు తీసుకువెళ్లండని నేను అడిగితే, బస్సు నిలిపే సమయం అయిపోతోందని కాదన్నారు. జెరూసలేం ఆలయం నుంచి ఏడు కొమ్మల దీపస్తంభాన్ని రోమన్ సైనికులు మోసుకువస్తున్న శిల్పం ఆ ఫోరంలోని టైటస్ తోరణం లోపలి వైపున ఉంది. ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకంలోని మసక బొమ్మతో విద్యార్థులకు ఆ శిల్పం గురించి చెప్పిన నేను, టికెట్ చేతికందే దూరంలో ఉండి కూడా కంచె ఇవతలి నుంచి ఆ తోరణం పైభాగాన్ని మాత్రమే చూడగలిగాను. శనివారం వాటికన్, ఆదివారం కొలోసియం అని కార్యక్రమంలో రెండు రోజులను అటూ ఇటూ మార్చి ఉంటే మేము రెండూ చూసేవాళ్లం. మీకు ఒక్క రూపాయి అదనపు ఖర్చు అయ్యేది కాదు.

ఇదే లోపం ఫ్లోరెన్స్‌లో ఇంకా తీవ్రంగా జరిగింది. ఉఫిజి గ్యాలరీ, అకాడెమియా గ్యాలరీ రెండూ మీ బ్రోషర్‌లో ‘ప్రవేశ టికెట్‌తో సహా’ అని స్పష్టంగా ఉన్నాయి. రెండింటికీ సోమవారం సెలవు. మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లింది అక్టోబరు 13, సోమవారం. ఆ సంగతి బస్సు నగరానికి చేరిన తరువాతే మాకు చెప్పారు. పాత నగరంలోకి టూరిస్టు బస్సులను రానివ్వరన్న కారణంతో నది అవతలి గుట్ట మీదున్న పియాజాలే మైకెలాంజెలో అనే చౌకులో దింపి, అక్కడి కంచు విగ్రహం ముందు బృందంతో ఫొటో తీయించి, డేవిడ్ శిల్పం చూడడం అయిపోయిందని టూర్ మేనేజర్ ప్రకటించారు. అది 19వ శతాబ్దంలో పోతపోసిన నకలు. మైకెలాంజెలో 1504లో పూర్తి చేసిన, ఐదు మీటర్లకు పైగా ఎత్తున్న పాలరాతి డేవిడ్ 1873 నుంచి అకాడెమియా లోపల ఉంది. మాతో వచ్చినవారిలో కొందరు తాము చూసింది అసలు శిల్పమేననుకుని ఇంటికి ఫోన్లు చేసి చెప్పుకున్నారు. చరిత్ర చదువుకున్నవాడిగా దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను. తెలియక వచ్చినవారికి నకలును చూపి అసలని నమ్మించడం మోసం కిందికి వస్తుంది.

ఫ్లోరెన్స్‌ను ఏలిన మెడిచి వంశంలో చివరిదైన అన్నా మరియా లూయిజా 1737లో చేసుకున్న ఒప్పందంలో, తమ కుటుంబం తరతరాలుగా సేకరించిన కళాసంపదను ఆ నేల దాటించరాదని షరతు పెట్టారు. రాజ్యానికి శోభగా, ప్రజలకు ఉపయోగంగా, విదేశీయుల ఆసక్తిని రప్పించేదిగా అది అక్కడే ఉండాలన్నది ఆమె ఉద్దేశం. ఉఫిజిలో మనం ఈనాడు చూడగలిగే సంపదలో చాలా భాగం అలా నిలిచిందే. అంత దూరం నుంచి దానికోసమే వచ్చిన విదేశీయులమైన మాకు ఆ తలుపు తెరిచే రోజు ఏదో చూసి టికెట్ తీయడం మీ సంస్థ చేయవలసిన పని, అందుకే మీకు డబ్బు కట్టాం. పోనీ పాత నగరంలోకైనా నడిపించారా అంటే అదీ లేదు. ఆ గుట్ట నుంచి పోంటె వెక్కియో వంతెనకు అరగంట లోపు నడక; బస్సులు రాకూడదన్న నియమం ఉన్నది నడిచి చూడడానికే. వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ 1420 నుంచి 1436 వరకు శ్రమించి, కింది నుంచి ఆసరా చట్రం లేకుండా లేపిన కేథడ్రల్ గుమ్మటాన్ని దూరం నుంచే చూపించి, మధ్యాహ్నమంతా నగరం వెలుపలి బ్రాండెడ్ దుస్తుల దుకాణ సముదాయంలో గడిపించారు. ఆ దుకాణాల ప్రస్తావన బ్రోషర్‌లో ఎక్కడా లేదు. మరునాడు మంగళవారం పీసాకు వెళ్లాం. పీసా గోపురం సోమవారం కూడా తెరిచే ఉంటుంది. ఇక్కడ కూడా సోమ, మంగళవారాల కార్యక్రమాలను తారుమారు చేసి ఉంటే సరిపోయేది.

పీసాలో మాత్రం చెప్పినవన్నీ చూపారు, గోపురం ఎక్కడానికి టికెట్లు కూడా సమయానికి అందాయి. ఆ మాట చెప్పడం న్యాయం. సియెనాను సమయం చాలలేదని వదిలేశారు.

వెనిస్ విషయం వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే అక్కడ సేవాలోపంతో పాటు డబ్బు లెక్క కూడా తేడాగా ఉంది. బ్రోషర్‌లో గ్రాండ్ కెనాల్ ఫొటో వేసి ‘వెనిస్‌లో బస’ అని రాశారు, బస మెస్త్రేలో ఇచ్చారు. పాలనాపరంగా మెస్త్రే వెనిస్ మునిసిపాలిటీలోదేనని మీరు సమాధానం చెప్పవచ్చు, అది నిజమే. అయితే అది సముద్రపు మడుగుకు ఇవతల, ప్రధాన భూభాగం మీదున్న పట్టణం. కాలువ ఫొటో చూసి డబ్బు కట్టినవారు కోరుకున్నది అది కాదని మీకు తెలుసు. పైగా నగర ప్రవేశ రుసుమని చెప్పి మనిషికి 10 యూరోలు వసూలు చేశారు. 2025లో వెనిస్ ఆ రుసుము విధించింది ఏప్రిల్ 18 నుంచి జూలై 27 లోపల ఎంపిక చేసిన 54 రోజులకు మాత్రమే. మేము వెళ్లింది అక్టోబరు 15న. ఆ రోజుల్లో వెళ్లినా, మునిసిపాలిటీ పరిధిలోని హోటల్లో రాత్రి బస చేసేవారికి దాని నుంచి మినహాయింపు ఉంది, ఎందుకంటే వారు హోటల్లో వేరే బస పన్ను కడతారు. ఆ పన్నునూ మా దగ్గర విడిగా తీసుకున్నారు. మెస్త్రే వెనిస్ కిందికి వస్తుందని బస విషయంలో వాదించే సంస్థ, రుసుము దగ్గరకు వచ్చేసరికి మమ్మల్ని బయటివారిగా లెక్కించడం ఎలా సమంజసమో తెలియజేయండి. ఆ 10 యూరోలు ఎవరికి చేరాయో కూడా రాతపూర్వకంగా చెప్పండి.

వెనిస్ పాత నగరంలో, మురానో వంటి దీవుల్లో గైడుతో తిరిగే బృందాలు 25 మందికి మించరాదని 2024 ఆగస్టు నుంచి నిబంధన ఉంది. మా బృందంలో ముప్పై మందికి పైగా ఉన్నారు. రెండో గైడు లేనందువల్ల సగం మంది తిరిగి వచ్చేదాకా మిగతా సగం సెయింట్ మార్క్ చౌకులో నిలబడ్డారు. అప్పటికే ఉదయమంతా మురానోలో ఒక గాజు సామగ్రి దుకాణంలో గడిచిపోయింది. అగ్నిప్రమాదాల భయంతో 1291లో గాజు కొలుములను ఆ దీవికి తరలించిన నాటి నుంచి అక్కడ నిలిచిన విద్య అది, చూడదగినదే. అయితే కొలిమి దగ్గర చూపించింది కాసేపు, అమ్మకపు గదుల్లో కూర్చోబెట్టింది చాలాసేపు. ఆ చౌకులోని సెయింట్ మార్క్ బాసిలికా అనే చర్చిలోకి వెళ్లేందుకు భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలని, పెద్ద సంచులు తేకూడదని ముందుగా చెప్పనందువల్ల కొందరు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. భారతీయ భోజనానికి ఆలస్యమవుతుందని నాలుగు గంటలకే పడవ ఎక్కించారు. పెద్దవాళ్లకు మన భోజనం అవసరమే, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. దాని వేళను అటూ ఇటూ జరపగలిగి కూడా జరపకపోవడాన్ని తప్పుపడుతున్నాను.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పాలి. మా ఊరికి దగ్గరలోనే మోటుపల్లి ఉంది. సముద్ర వర్తకులకు రక్షణ కల్పిస్తామని కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం గురించి మా జిల్లాలో చాలామందికి తెలుసు. ఆ తరువాత అదే 13వ శతాబ్దంలో ఆ తీరం గురించి, అక్కడి వజ్రాల గురించి, పాలించే రాణి గురించి రాసిన మార్కో పోలో వెనిస్ వాడు. ఆ రాణి రుద్రమదేవి అని మన చరిత్రకారులు గుర్తించారు. అతని కుటుంబం ఉన్న చోటు రియాల్టో వంతెనకు కొద్ది దూరంలో కోర్టె డెల్ మిలియోన్ పేరుతో ఇప్పటికీ ఉంది. కార్యక్రమంలో రాసిన ‘స్వేచ్ఛా సమయం’లో నేను, నా భార్య అక్కడికి నడిచి వెళ్లాలని యాత్రకు ముందే అనుకున్నాం. ఆ సమయం మాకు ఇవ్వలేదు. మా వయసులో ఇంకోసారి వెళ్లే అవకాశం లేదు కాబట్టి ఏ వాపసూ ఆ లోటును పూడ్చదు. అయినా పూడ్చగలిగినంతవరకు పూడ్చవలసిన బాధ్యత మీ మీద ఉంది.

కాబట్టి వాటికన్ మ్యూజియంలు, ఉఫిజి, అకాడెమియాల టికెట్ల సొమ్మును, వెనిస్ రుసుము పేరుతో తీసుకున్న 10 యూరోలను, కొలోసియం దగ్గర టికెట్ ధరకు మించి తీసుకున్న 42 యూరోలను మా ఇద్దరికీ పూర్తిగా తిరిగి చెల్లించాలని, నష్టపోయిన ఫ్లోరెన్స్, సియెనా, వెనిస్ కార్యక్రమాలకు పరిహారంగా ప్యాకేజీ ధరలో నాలుగో వంతు ఇవ్వాలని కోరుతున్నాను. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వని టీసీఎస్ (మూలం వద్ద వసూలు చేసిన పన్ను) సర్టిఫికెట్‌ను కూడా వెంటనే పంపండి. డేవిడ్ నకలు విషయంలో బృందంలోని అందరికీ నిజం తెలియజేస్తూ సంస్థ తరఫున లేఖ రాయాలి. వచ్చే సీజన్ బ్రోషర్‌లో కూడా ఇవే వారాలు ఉన్నట్టు చూశాను. ఫ్లోరెన్స్ ఇప్పటికీ సోమవారమే ఉంది. దాన్ని మార్చకుండా ఇంకొకరి దగ్గర డబ్బు తీసుకోకండి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకమైన సమాధానం రావాలి. రాని పక్షంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపం, తప్పుదోవ పట్టించే ప్రకటన అనే కారణాలతో జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయిస్తాను. ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు దాఖలు చేసేందుకు ఆ చట్టం వీలు కల్పిస్తోంది, అందుకు రెండేళ్ల గడువూ ఉంది. ప్యాకేజీ సొమ్ము చెల్లించిన రసీదులు, బ్రోషర్ ప్రతి, టూర్ మేనేజర్ పంపిన వాట్సాప్ సందేశాల ముద్రిత ప్రతులు, బృందంలోని మరికొందరు సంతకం చేసిన వాంగ్మూలం ఈ లేఖకు జతచేశాను. ఫోన్ ద్వారా మాట్లాడడానికి కాక, జవాబును రిజిస్టర్డ్ పోస్టులో గానీ ఈమెయిల్‌లో గానీ పంపవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
(సంతకం)
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
చీరాల.