గేటు దగ్గర కవరు కప్పిన తెల్ల బండి గురించి, మా యార్డు కస్టమర్లకు

అందరికీ నమస్కారమండి. రాజమండ్రి మోరంపూడి యార్డు నుంచి రాస్తున్నాను. రెండు నెలలుగా మా గేటు పక్కన తెల్ల ఎస్‌యూవీ ఒకటి కవరు కప్పుకుని నిలబడి ఉంది. ఎంతకిస్తారని అడిగినవాళ్లకి ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. ఒకరితో పేపర్లు రావాలన్నాను. ఇంకొకరితో వేరే పార్టీ టోకెన్ అడ్వాన్స్ ఇచ్చిందన్నాను. రెండూ అబద్ధాలే. ఈలోగా ఊళ్లో వేరే కథ మొదలైంది, నేను తెలిసి తెలిసి మునిగిన బండి అంటగట్టానని. అది విన్నాక ఇక ఊరుకోలేకపోయాను.

సంగతి ఇది. 2025 జూన్‌లో ఒక పాత కస్టమరుకి నేను అమ్మిన బండి, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదలో మునిగిన బండి. అమ్మిన రోజున నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది మాత్రం నేనే. డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేశాను. బండి నా దగ్గరే ఉంది. ఏ కంపెనీదో రాయను, పాపం కంపెనీది కాదు కదా. ఏ బండయినా మూడు రోజులు నీళ్లలో ఉంటే అంతే.

కొన్నవారు రిటైరైన లెక్కల మాస్టారు. 2014లో నా దగ్గర వేగనార్ కొన్నారు. పదకొండేళ్లు నడిపి, మళ్లీ నా దగ్గరికే వచ్చారు. అమ్మాయి, అల్లుడు, మనవలు డాలస్ నుంచి వస్తారు, అందరూ పట్టే బండి కావాలన్నారు. బ్యాంకులో దాచుకున్న డబ్బుతో 11 లక్షల 40 వేలు ఇచ్చారు. ఒక్క రూపాయి బేరం ఆడలేదు. ఇప్పుడు తలచుకుంటే అదే ఎక్కువ బాధ.

జులైలో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగిందన్నారు. స్కానర్ పెట్టి కోడ్ తీసేశాం. పది రోజులకి మళ్లీ వెలిగింది. ఆగస్టు వానల్లో ఏసీ వేస్తే చెరువు అడుగు వాసన వస్తోందన్నారు. రివర్స్ కెమెరా ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు. అప్పుడు మా మెకానిక్ డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. మామూలుగా మనం మూరో రెండు మూరలో లాగి పెట్టుకుంటాం. ఆ మేరకి శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. చివర జానెడు మాత్రం మట్టిరంగు. వేలితో రాస్తే పొడి రాలింది. బూట్లో, అంటే డిక్కీలో, స్టెప్నీ ఎత్తితే జాకీ మొత్తం తుప్పు. సీట్లు విప్పి కార్పెట్ లేపాం, ఫోమ్ కింద ఒండ్రు పెచ్చులు కట్టి ఉంది. గేరు కన్సోల్ కిందుండే ఎయిర్‌బ్యాగ్ యూనిట్ కనెక్టరు పచ్చగా చిలుం పట్టింది. మా మెకానిక్ నా మొహం చూడకుండా చేతులు తుడుచుకున్నాడు.

ఎలా మోసపోయానో కూడా చెప్తాను, రేపు మీరు ఎక్కడ కొన్నా పనికొస్తుంది. ఇచ్చినవాడు విజయవాడ బ్రోకరు. పదకొండేళ్ల పరిచయం, నలభైకి పైగా బండ్లు తెచ్చాను అతని దగ్గర. ఆర్‌సీలో అడ్రసు గుంటూరు అని ఉంది. 2019 నుంచి మన రాష్ట్రం మొత్తానికి ఒకటే ఏపీ 39 సిరీస్ పెట్టాక నంబరు ప్లేటు చూసి ఏ జిల్లా బండో చెప్పే రోజులు పోయాయి. ఓనరు బదిలీ మీద విజయవాడ వచ్చి అద్దెకుంటే ఆర్‌సీకేం తెలుస్తుంది? ఇన్సూరెన్స్ రికార్డు అడిగాను, క్లెయిమ్ ఒక్కటీ లేదు. ఉండదు కూడా, ఆయన కట్టింది ఉత్త థర్డ్ పార్టీ. వరదకి అది పైసా ఇవ్వదు. కాబట్టి షోరూముకి తీసుకెళ్లకుండా బయటే ఎండబెట్టించి, కడిగించి, సీటు కవర్లు కొత్తవి వేయించి వదిలించుకున్నారు. షోరూమ్ సర్వీసు హిస్టరీ 2024 జులైతో ఆగిపోయింది. నేను అది చూశాను. చూసి, వారంటీ అయిపోయింది కదా, బయట చేయించుకుంటున్నారేమో అనుకున్నాను. సింగ్ నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉంటే టీవీలో చూసినవాణ్ణే. ఆ తర్వాతి నెలల్లో విజయవాడ నుంచి వచ్చే ప్రతి బండికీ కార్పెట్ లేపాలన్న బుద్ధి ఉండాలి. ఈ బండిని వీడియో కాల్‌లో చూసి డబ్బు పంపాను. పదకొండేళ్ల పరిచయం కదా అని.

అతనికి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "నువ్వూ వ్యాపారస్తుడివే కదన్నా, చూసుకునే కొన్నావుగా." అంతే, పెట్టేశాడు. మర్నాడు బస్సెక్కి విజయవాడ వెళ్లాను. ఆఫీసులో టీ ఇప్పించాడు, డబ్బు మాట ఎత్తితే ఇంకో మనిషి వైపు తిరిగి మాట్లాడాడు. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలన్న రూల్ ఉంది. నేను తీసుకున్నాను. అతనికి లేదని నాకు తెలుసు. లేకపోయినా అతనితో వ్యాపారం చేశాను. ఎవరికి ఫిర్యాదు చేసినా ముందు నాకే చీవాట్లు పడతాయి, పడాలి కూడా.

ఇక ఏం చేయాలన్నదే నిద్ర పట్టనివ్వలేదు. మా బావమరిది లెక్క వేశాడు. వైరింగ్, కనెక్టర్లు, ఎయిర్‌బ్యాగ్ యూనిట్, కార్పెట్లు అన్నీ మారిస్తే లక్ష లోపు అవుతుంది, బాగు చేసి ఇచ్చేయ్ బావా అన్నాడు. మాస్టారు ఒప్పుకునేవారు కూడా. మూడు రోజులు అదే చేద్దామనుకున్నాను. మెకానిక్‌ని అడిగితే, "ఈరోజు అన్నీ పనిచేసేలా చేస్తానన్నా. రెండేళ్ల తర్వాత ఎక్కడో గుద్దితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందని మాత్రం నా నోటితో చెప్పలేను" అన్నాడు. వెనక సీట్లో ఆ మనవలు కూర్చుంటారు. ఇంకో బండి మార్చి ఇద్దామంటే, మాస్టారి అల్లుడు అక్కడి నుంచి ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్ నాకు ఎవరో చూపించారు. "సెకండ్ హ్యాండ్ వాళ్లందరూ ఇంతే మామయ్యా." పదిహేడేళ్లుగా ఈ యార్డు నడుపుతున్నాను. ఆ ఒక్క వాక్యం నాకు ఇంకా దిగలేదు. బాగు చేసినా, మార్చినా అతను ఆ మాట వెనక్కి తీసుకోడు. పూర్తిగా ఇచ్చేస్తే అయినా తీసుకుంటాడా అంటే అదీ లేదనుకోండి.

నాలుగు లక్షల చీటీ ముందే పాడుకున్నాను, బాగా తగ్గించుకుని. రెండు బండ్లు కొన్న రేటుకే వదిలేశాను. 11 లక్షల 40 వేలు, ట్రాన్స్‌ఫర్‌కీ ఇన్సూరెన్స్‌కీ వారు పెట్టిన 38 వేలు, మొత్తం ఆర్‌టీజీఎస్ చేసి వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. మాస్టారు ఎప్పటిలాగే మాట్లాడారు. మాస్టారమ్మ గారు మాత్రం బ్యాంకు మెసేజ్ వచ్చేదాకా కాఫీ ఇవ్వలేదు.

తమాషా ఏమిటంటే అదే వారం, సెప్టెంబరు 3న జీఎస్టీ తగ్గింపు ప్రకటించారు. 22 నుంచి అమలు. నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజిన్ బండ్లకి 28 మీద సెస్సు పోయి 18 శాతం, పెద్దవాటికి 45, 50 ఉన్నది 40. వెన్యూ, సోనెట్, నెక్సాన్ కొత్తవే బాగా దిగాయి. బ్రెజా పొట్టిదే అయినా పెట్రోలు ఇంజిను 1200 సీసీ దాటుతుంది కాబట్టి 40లోనే ఉండిపోయింది, చాలామందికి ఇది తెలియక నాతో గొడవపడ్డారు. మూడేళ్ల పాత క్రెటా రేటుకి కొత్త నెక్సాన్ వస్తుంటే నా యార్డుకి ఎవరొస్తారు? అప్పుడు నా దగ్గర ఉన్న పద్నాలుగు బండ్లూ పాత రేట్లకి కొన్నవే. మాస్టారికి డబ్బు సరిగ్గా కొత్త బండ్లు చవకవుతాయన్న వారమే చేతికొచ్చింది. ఆయనకి కలిసొచ్చింది, సంతోషమే.

ఆయన కొత్తది కొందామని నన్నే తోడు రమ్మన్నారు. వెళ్లాను. ఎందుకంటే, ఏ బండి ఎవరికి సరిపోతుందో నాకింకా తెలుసని ఎవరికో ఒకరికి చూపించుకోవాలనిపించింది. రెండు పెద్ద సూట్‌కేసులు, అమెరికా నుంచి వచ్చేవాళ్లు తెచ్చే 23 కిలోలవి, మా ఆటోలో వేసుకుని షోరూములు తిరిగాం. సేల్స్ కుర్రాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ. పెట్రోలు, బ్యాటరీ రెండిటితో నడిచే హైరైడర్ హైబ్రిడ్‌కి బూట్లో బ్యాటరీ పోగా మిగిలింది 255 లీటర్లు. ఒక సూట్‌కేసు పెట్టాక రెండోదానికి బ్యాక్‌సీటు మడవాల్సి వచ్చింది. ఎలివేట్‌లో రెండూ హాయిగా పట్టాయి, 458 లీటర్ల బూట్ అది. మాస్టారమ్మ గారికి ఎక్కడం మాత్రం ఇబ్బందైంది. ఎక్స్‌యూవీ 700లో ఏడుగురికీ సీట్లున్నాయి, కానీ మూడో వరస లేపితే సామాన్లకి చోటు లేదు. పైగా దాదాపు 4.7 మీటర్ల బండి, వాళ్ల వీధి మలుపులో తిరగదు. సెల్టోస్ అంటే మాస్టారికి ముచ్చట, మన పెనుకొండలో తయారవుతుందని. క్రెటా చూస్తూనే నేను వద్దన్నాను. బండి బాగోక కాదు, నాకైతే దాన్ని మించిన అమ్మకం లేదు, యార్డుకొస్తే వారం నిలవదు. ఆయన మరో పదేళ్లు నడుపుతారు, రీసేల్ విలువ కోసం ఎక్కువ ఎందుకు పెట్టాలి?

హైబ్రిడ్ విషయంలో మాస్టారే లెక్క తేల్చారు. కంపెనీ చెప్పే మైలేజి 27.97. నా కస్టమర్లు చెప్పేది ఇరవై రెండు దాకా. మామూలు పెట్రోలుకి పదిహేను వేసుకున్నా, ఆయన తిరిగేది నెలకి 600 కిలోమీటర్లు. పదమూడు లీటర్ల మిగులు, అంటే నెలకి పద్నాలుగు వందలు. ధరలో తేడా చూస్తే లక్షల్లో ఉంది. "నేను తొంభై ఏళ్లు దాటాక గిట్టుబాటు అవుతుందోయ్" అన్నారు. చివరికి గ్రాండ్ విటారా మామూలు పెట్రోలు తీసుకున్నారు. డెలివరీకి ముందు ఛాసిస్ నంబరు చూసి ఏ నెల తయారీయో అడిగింది నేనే. అక్కర్లేని యాక్సెసరీల కిట్టు బిల్లులోంచి తీయించిందీ నేనే. షోరూమ్ వాళ్లు నన్ను మాస్టారి బావమరిది అనుకున్నారు.

యార్డు సంగతికొస్తాను. ఇకనుంచి బ్రోకర్ల దగ్గర బండ్లు తీసుకోను. ఆర్‌సీలో పేరున్న మనిషి బండితో సహా నా ముందు కూర్చుంటేనే కొంటాను. అందుకే ఇప్పుడు యార్డులో ఆరు బండ్లే ఉన్నాయి, సంక్రాంతి దాకా అంతకి మించి ఉండవు. కొనేవాళ్ల ఎదుటే సీటు బెల్టు చివరిదాకా లాగి, స్టెప్నీ తీసి, ముందు కార్పెట్ లేపి చూపిస్తాను. మీ మెకానిక్‌ని తెచ్చుకోండి, నేనేమీ అనుకోను. వరదలో మునగలేదు, మీటరు తిప్పలేదు అని బిల్లు మీద రాసి సంతకం పెడతాను. దీనికి ఖర్చవుతుంది కాబట్టి మిగతా యార్డుల కంటే పదో పదిహేనో వేలు ఎక్కువ ఉంటుంది. అది తగ్గించమని అడగొద్దు. అక్కడ తక్కువకి వస్తుందంటే అక్కడే కొనండి.

తెల్ల బండిని ఐదున్నర లక్షలకి తీసుకుంటామని ఇద్దరొచ్చారు. అందులో ఒకడు ఆ బ్రోకరు మనిషే. ఇవ్వలేదు. ఇస్తే నెల తిరిగేసరికి ఏ కాకినాడలోనో ఇంకో మాస్టారి ఇంటి ముందు ఉంటుంది. ఆర్‌సీ రద్దు చేయించి స్క్రాప్‌కి పంపుతాను. మా ఆవిడ దీన్ని "ఐదున్నర లక్షల పంతం" అంటోంది. ఔను, పంతమే.

చివరిగా అసలు పని. వరద తర్వాత అదే బ్రోకరు దగ్గర తెచ్చి నేను అమ్మినవి మరో నాలుగు బండ్లున్నాయి. మూడింటిని పిలిపించి విప్పి చూశాం, బాగానే ఉన్నాయి. నాలుగోది ఎర్ర సెల్టోస్, ఫిబ్రవరిలో అమలాపురం వైపు వెళ్లింది. ఇచ్చిన నంబరు పనిచేయడం లేదు. ఇది మీరు చదివితే ఒక్కసారి బండి తీసుకురండి. అరగంట పని, డబ్బులేం వద్దు. ఆదివారం కూడా తెరిచే ఉంటాను.