టికెట్ మూసేశారు, చిల్లు మూయలేదు

బెంగళూరు,
జులై 14.

కస్టమర్ కేర్ పెద్దలకు,

విషయం: మారతహళ్లిలో మా ఇంటి జిప్సం గోడ, మూడు వారాల మీ నిర్వాకం.

అయ్యా,

'మీ భాషలోనే మాట్లాడండి' అని మీ ఇంటి రిపేర్ల యాప్‌లో మీరే రాసుకున్నారు కాబట్టి తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో పంపిన నాలుగు మెయిళ్లకు ఎలాగూ జవాబు లేదు.

చిల్లు గురించి ఎక్కువ చెప్పను. మాది బోర్డులతో కట్టిన గోడ, లోపల బోలు. తలుపు హ్యాండిల్ తగిలి అరచేయంత పడింది. ఆగస్టులో ఇల్లు ఖాళీ చేయాలి, ఓనరు దగ్గర మా పది నెలల అడ్వాన్సు ఉంది. ఆయన మేకు కొట్టినా లెక్క రాసుకునే మనిషి.

జూన్ 21న మీ కుర్రాడు వచ్చి, 899 రూపాయలు తీసుకుని, చిల్లులో పేపరు కుక్కి, పైన పుట్టీ పూసి, ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయాడు. తెల్లారేసరికి అదంతా గోడ లోపలికి జారిపోయింది. పాపం, ఇటుక గోడలకు అలవాటుపడ్డ చెయ్యి. అతని మీద నాకు కోపం లేదు.

కోపమంతా ఆ తర్వాతి కథ మీద. ఫోన్ చేస్తే మొదటి అమ్మాయి ఫోటో పంపమంది. పంపాను. మర్నాడు ఇంకొకతను ఫోటో రాలేదన్నాడు. మళ్లీ పంపాను. మూడో ఆవిడ "ఇది పెయింటింగ్ కిందికి వస్తుంది మేడమ్" అని అటు కలిపింది. వాళ్లు జిప్సం అంటే ఫాల్స్ సీలింగ్ కదా అన్నారు. సీలింగ్ ఆయన "ఎక్కడ ఊడిపడింది?" అని అడిగాడు. ఊడిపడలేదయ్యా, గోడ అన్నాను. గోడయితే మేస్త్రీ పనట! పదకొండు నిమిషాలు పాట వినిపించి ఫోన్ పెట్టేశారు. అరగంటకు మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, ఐదు స్టార్లు ఇవ్వండి.

ఇలా నాలుగుసార్లు నేను ఫిర్యాదు టికెట్ తెరవడం, మీరు మూయడం. ఒకాయన మాత్రం మర్యాదగా "స్వల్ప అడ్జస్ట్ మాడి మేడమ్" అని, అంటే కొంచెం సర్దుకోండని, కన్నడంలో అన్నాడు. చిల్లుతో ఎలా అడ్జస్ట్ కావాలో చెప్పలేదు.

మా పక్క బిల్డింగులో పార్టిషన్లు వేస్తున్న కదిరి మేస్త్రీని అడిగితే నిలబడ్డచోటే చెప్పాడు. చిల్లును చదరంగా కోసి, వెనక చెక్కపట్టీ బిగించి, కొత్త బోర్డు ముక్కను దానికి స్క్రూలతో బిగించి, అంచులకు మెష్ టేపు (జాలీ టేపు) అంటించి, జాయింట్ కాంపౌండ్ (అతుకులకు పూసే ముద్ద) పలచగా రెండు మూడు పూతలు లాగాలట. ప్రతి పూతా ఆరాలి. ఈ ముసురులో ఒక్కోదానికి ఒక రోజు కూడా చాలదట. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టాకే రంగు, లేకపోతే మచ్చ తేలుతుంది. ఇంత పనిని 'ముప్పై నిమిషాల్లో' అని అమ్మింది మీరు. మాకు చేతకాదని మొదటిరోజే చెబితే నేనేమైనా అనేదాన్నా?

2019 నుంచి మీ కస్టమర్ని. ఏసీ, గీజరు, బాత్రూము, అన్నీ మీకే. మా లేఅవుట్‌లో తెలుగువాళ్లందరికీ మీ యాప్ ఎక్కించింది నేనే. ఇప్పుడు మా ఇంటికొచ్చినవాళ్లు ముందు ఆ చిల్లు చూసి, తర్వాత నా మొహం చూస్తున్నారు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. శనివారం దాకా చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. ఓనరు అడ్వాన్సులో కోసే ప్రతి రూపాయీ మీ ఖాతాలోనే రాయిస్తాను. 899 వెనక్కిస్తారో, పని తెలిసిన మనిషినే పంపుతారో మీ ఇష్టం. ముందు నాతో మాట్లాడండి.

సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయండి. ఫోటో మాత్రం అడగకండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్, మారతహళ్లి.