ఆ రాళ్ల దగ్గరే ఆగిపోకండి, కొండ అంచు దారి పట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వేసవి వస్తోందంటే పేపర్ల నిండా విదేశీ టూర్ల ప్రకటనలే. వాటిల్లో యూకే, ఐర్లండ్ ప్యాకేజీ అనగానే ఉత్తర ఐర్లండ్‌లోని జెయింట్స్ కాజ్‌వే ఫొటో ఒకటి ఉండి తీరుతుంది. ఆరు పలకల నల్లరాళ్లు, వెనక సముద్రం. పిల్లలు బెల్‌ఫాస్ట్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటే చూడ్డానికి వెళ్లే నాలాంటి తల్లిదండ్రులు కూడా అక్కడికి వెళ్తారు, రాళ్ల మీద నిలబడి ఫొటో దిగి వచ్చేస్తారు. నేనూ మొదటిసారి అలాగే వచ్చేశాను. రెండోసారి మా అమ్మాయి పట్టుబట్టి నడిపించింది. అప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని మనసులో ఉంది.

మొదటిసారి ట్రావెల్స్ వాళ్ల బస్సులో వెళ్లాం. పొద్దున్నే ఎక్కించుకుని, దారిలో ఒక కోట దగ్గర పావుగంట ఆపి, తాళ్ల వంతెనను దూరం నుంచే చూపించి, రాళ్ల దగ్గర గంటంబావు టైమిచ్చారు. అందులో రానూపోనూ నడకకే సగం పోయింది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మెల్లగా నడుస్తుంటే గైడ్ వాచీ చూపిస్తూ తొందరపెట్టాడు, ఆ టెన్షన్‌లో ఏం చూశామో కూడా గుర్తులేదు. టిక్కెట్టు డబ్బులు మాత్రం బాగానే తీసుకున్నారు. తర్వాత తెలిసిందేమిటంటే, పక్కనున్న విజిటర్ సెంటర్‌కీ, కారు పార్కింగ్‌కీ డబ్బు కట్టాలి గానీ, రాళ్ల దాకా మన కాళ్లతో మనం నడిచి వెళ్లడానికి ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు.

పోర్ట్‌స్టూవర్ట్ నుంచి బాలీకాసిల్ దాకా సముద్రం ఒడ్డునే 33 మైళ్లు, అంటే 53 కిలోమీటర్ల కాలిబాట ఉంది, కాజ్‌వే కోస్ట్ వే అంటారు. అంతా నడవక్కర్లేదు. అందులో జెయింట్స్ కాజ్‌వే నుంచి డన్‌సెవెరిక్ కోట దాకా కొండ అంచు మీద సుమారు ఎనిమిది కిలోమీటర్ల ముక్క ఉంది, అదొక్కటి నడిచినా చాలు. మాకు ఆగుతూ ఆగుతూ మూడున్నర గంటలు పట్టింది. రాళ్ల దగ్గర నుంచి షెపర్డ్స్ స్టెప్స్ అనే మెట్లు 162 ఎక్కాలి. మా ఆవిడ కింద నుంచి ఎక్కలేదు, విజిటర్ సెంటర్ వెనక నుంచి పైదారిన నిదానంగా వచ్చి మెట్ల పైన మమ్మల్ని కలిసింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఆ దారే మంచిది.

నేను ముప్పై ఏళ్లు రోడ్ల పనుల్లో ఉన్నవాణ్ని, మాది కొవ్వూరు. మా దగ్గర గౌరీపట్నం క్వారీల నల్లరాయి కొట్టించి కంకర తోలించడంతోనే సర్వీసు సగం గడిచింది. ఆ రాయి కోట్ల ఏళ్ల కిందటి లావా అని జియాలజీ చదివినవాళ్లు చెప్పేవాళ్లు, రాజమండ్రి ట్రాప్స్ అంటారు దాన్ని. కాజ్‌వే రాయి మీద అరచెయ్యి పెట్టగానే నాకు తెలిసిపోయింది, ఇదీ అదే జాతి. సుమారు ఆరు కోట్ల ఏళ్ల కిందట లావా పారి, ఒక పల్లంలో మందంగా నిలిచి, నెమ్మదిగా చల్లారుతూ ఎండిన చెరువు అడుగులా బీటలు తీసిందట, ఆ బీటలు పైనుంచి కిందికి దిగడంతో నలభై వేల దాకా స్తంభాలయ్యాయి. పైనుంచి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది, కింద నిలబడి ఫొటో దిగేవాళ్లకి ఇది సరిగ్గా తెలియదు. నల్లటి చరియ మధ్యలో అడ్డంగా ఒక ఎర్రటి చార, అచ్చం మన మెట్ట ప్రాంతంలో గ్రావెల్ తవ్విన చోట కనిపించే ఎరుపు. లావా ఒకసారి పారాక చాలాకాలం ఆగిందట, ఆ విరామంలో అప్పటి వేడికీ వానలకీ పైరాయి కుళ్లి ఎర్రమట్టి అయింది, మళ్లీ లావా వచ్చి దాన్ని కప్పేసింది. ఇప్పుడక్కడ జూన్‌లో స్వెట్టర్ లేకుండా తిరగలేం. అలాంటి చోట ఒకప్పుడు మన దగ్గరిలాంటి ఎండలూ వానలూ ఉండేవని ఆ చార చూసి తెలుసుకున్నాక నేను అక్కడే బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ పైదారి వెడల్పు చాలాచోట్ల ఇద్దరు పక్కపక్కన నడిచేంత. ఒక పక్క కంచె, కంచె అవతల ఆవులు, గొర్రెలు. ఇంకో పక్క వంద మీటర్ల లోతున సముద్రం. ఫుల్మార్ అనే తెల్లపక్షులు రెక్క ఆడించకుండా గాలికి ఎదురు నిలబడి మన కళ్ల ఎత్తులో తేలుతుంటాయి, ఒకటైతే మా అమ్మాయికి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నిలిచింది. మలుపు మలుపుకీ కొత్త వంపు. అలాంటి ఒక వంపు పేరు పోర్ట్ నా స్పానియా. 1588లో ఇంగ్లండ్ మీదికి వచ్చి దెబ్బతిన్న స్పెయిన్ నౌకాదళంలో గిరోనా అనే ఓడ, పగిలిన వేరే ఓడల మనుషుల్ని కూడా ఎక్కించుకుని ఇంటిదారి పట్టి, అక్టోబరు నెలలో తుపాను రాత్రి అక్కడే బద్దలైంది. సుమారు 1,300 మంది పోయారు, బతికినవాళ్లు పదిమంది లోపే. 1967లో బెల్జియం గజ ఈతగాడు రాబర్ట్ స్టెనుయి ఆ చోటు పట్టుకుని నగలూ నాణేలూ పైకి తీశాడు, అవిప్పుడు బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో ఉన్నాయి. కెంపులు పొదిగిన చిన్న బంగారు బల్లిలాంటి నగ ఒకటుంది, మా ఆవిడ అద్దం దగ్గర నుంచి కదల్లేదు. ముందు ఆ వంపు పైన నిలబడి కింద అలలు చూసి, తర్వాత ఆ నగ చూడండి, అది ఎవరి మెడలోదో అనిపిస్తుంది. మ్యూజియం ఒక్కటే చూస్తే అలా అనిపించదు.

నాణేలంటే గుర్తొచ్చింది, ఇది మనవాళ్లు తప్పకుండా చదవాలి. మాది గోదావరి ఒడ్డు, రైలు బ్రిడ్జి ఎక్కగానే చిల్లర తీసి నదిలో వెయ్యడం చిన్నప్పటి నుంచీ అలవాటు. కాజ్‌వే దగ్గర రాళ్ల సందుల్లో జనం నాణేలు గుచ్చి ఉండటం చూసి మా ఆవిడ కూడా పర్సు తీసింది. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, “వద్దమ్మా, ఇలా చూడు” అని ఒక సందు చూపించింది. లోపల నాణెం తుప్పు పట్టి ఉబ్బిపోయింది, దాని చుట్టూ రాయి అంచు పెచ్చులూడి ఉంది, కిందికి గోధుమరంగు కారిన మరక. ఆరు కోట్ల ఏళ్లు నిలిచిన రాయిని పావలా ఎత్తు లోహం చీలుస్తోంది. ఆ రాళ్లను చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్లు ఇప్పుడు నాణేలు ఒక్కొక్కటే పీకిస్తున్నారు, వెయ్యొద్దని బతిమాలుతున్నారు. మా ఆవిడ చిల్లర మళ్లీ పర్సులో వేసుకుని ఒట్టి చేతులతోనే దణ్ణం పెట్టుకుంది.

డన్‌సెవెరిక్ తర్వాత ఇంకా నడిచే ఓపిక ఉంటే వైట్‌పార్క్ బే దాకా వెళ్లొచ్చు, దారిలో రాతి తోరణం కింద నుంచి దూరి వెళ్లాలి, తర్వాత పెద్ద పెద్ద గుండ్ల మీద నుంచి ఇసుకలోకి దిగాలి. అక్కడే మేము దెబ్బతిన్నాం. పోటు మీదుంటే ఆ గుండ్ల దగ్గర దారి ఉండదు. సముద్రపు పోటు, ఆటు టైములు చూసుకోవాలని బోర్డు మీద రాసే ఉంది, మేమే పట్టించుకోలేదు. వెళ్లేసరికి నీళ్లు చరియకు తగులుతున్నాయి. అమ్మాయి దాటేద్దామంది, నేను వద్దన్నాను, రెండు గంటలు చలిగాలిలో కూర్చున్నాం, అది మంచిపనే అయింది. నీళ్లు తగ్గాక దాటితే పొడవాటి తెల్ల ఇసుక తీరం, ఆ ఇసుకలో ఆవులు పడుకుని నెమరువేస్తున్నాయి. బయల్దేరే ముందు ఆ రోజు పోటు టైము ఫోన్‌లో చూసుకోండి, ఒక్క నిమిషం పని. తడిసి నల్లగా మెరిసే రాయి మీద కాలు పెట్టకండి, చెప్పులతో వెళ్లకండి, గొడుగు ఆ గాలికి నిలవదు, రెయిన్ కోటే మంచిది. సెల్ఫీ కోసం అంచు దాకా పోవద్దని యువకులకు మరీ మరీ చెప్తున్నాను. అక్కడ గడ్డి అంచు దాకా పచ్చగా ఉంటుంది కానీ దాని కింద చాలాచోట్ల మట్టి జారిపోయి ఉంటుంది. కిందనున్న పాత దారి ఒకటి ఇలా చరియలు విరిగిపడే యాంఫీథియేటర్ మలుపు దగ్గరే మూసేశారు కూడా.

వైట్‌పార్క్ బే తర్వాత వచ్చే బాలింటాయ్ ఊరి నుంచి బాలీకాసిల్ దాకా మాత్రం చాలావరకు తారురోడ్డు మీదే నడవాలి, పక్కన ఫుట్‌పాత్ లేదు, కార్లు దూసుకొస్తాయి. ఆ ముక్క బస్సెక్కెయ్యండి. నడవలేకపోతే ఎక్కడికక్కడ ఎక్కడానికి 402 నంబరు కాజ్‌వే రాంబ్లర్ బస్సు ఉంది, డన్‌సెవెరిక్ దగ్గరా ఆగుతుంది. బెల్‌ఫాస్ట్ నుంచి కోల్‌రేన్ దాకా రైలు, అక్కడ ఆ బస్సు. ట్రావెల్స్ వాళ్లకిచ్చిన దాంట్లో సగం కూడా కాలేదు మాకు.

రోడ్ల పనివాణ్ని కాబట్టి నా కళ్లు ఆ దారి ఎలా వేశారన్న దాని మీదే ఉన్నాయి. పెద్దగా ఏమీ కట్టలేదు. చిన్న కర్ర స్తంభం మీద పసుపు బాణం, బురద ఉన్నచోట చెక్క పలకలు, కంచె దాటడానికి రెండు మెట్లు, మనిషి పట్టి పశువు పట్టని గేట్లు. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం పద్ధతిగా నడిచేవాళ్లకి దాదాపు ఎక్కడైనా నడిచే హక్కుంది, వేల్స్‌లో 2012లో తీరం పొడవునా 870 మైళ్ల దారి తెరిచారు. ఉత్తర ఐర్లండ్‌లో అలాంటి హక్కు లేదు, రైతు ఒప్పుకుంటేనే అతని పొలంలోంచి దారి. ఒకచోట ట్రాక్టర్ మీదున్న పెద్దాయన ఆగి మమ్మల్ని పలకరించాడు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగి, గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసి ఉంటే దాటాక మూసెయ్యండి అని మాత్రం చెప్పాడు. కోట్లు పెట్టినా ఇలాంటి దారి రాదు, పొలంవాడికి నడిచేవాడి మీద నమ్మకం ఉంటేనే వస్తుంది.

అందుకే మన విశాఖ, భీమిలి గురించి కూడా అడుగుతున్నాను. మంగమారిపేట దగ్గర సముద్రం ఒడ్డున మనకూ సహజ శిలాతోరణం ఉంది, పక్కనే తొట్లకొండ బౌద్ధారామం, ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. అన్నీ ఒక్క రోజు నడకలో ఉన్నాయి, కానీ అన్నిటికీ కారు దిగి ఫొటో తీసుకుని మళ్లీ కారెక్కడమే. రుషికొండ నుంచి భీమిలి దాకా జాలర్ల పల్లెలతో మాట్లాడి, వాళ్ల వలలకీ పడవలకీ అడ్డం రాకుండా, దిబ్బల్ని తొక్కకుండా పక్కనుంచి, స్తంభాలూ బాణాలూ పెట్టి ఒక కాలిబాట గుర్తించమని టూరిజం అధికారుల్ని కోరుతున్నాను. కాంక్రీటు పోయొద్దు, రెయిలింగ్ లైట్లు పెట్టొద్దు. మీ విశాఖ ఎడిషన్ విలేకరి ఒకరు ముందు ఆ దూరం నడిచి, ఎక్కడ దారి ఉంది, ఎక్కడ గోడ అడ్డం వస్తోంది, పోటు టైములో ఎక్కడ ఆగాల్సి వస్తుంది రాస్తే, పిలిస్తే నేనూ వచ్చి నడుస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు, కొవ్వూరు, తూర్పు గోదావరి జిల్లా