మర్రిమాను ఊడలను నేల తాకనివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కదిరి ప్రాంతంవాళ్లం చుట్టాలొస్తే ముందు నరసింహస్వామి గుడికి, తర్వాత గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమానుకు తీసుకెళ్తాం. దాదాపు 5 ఎకరాల్లో పరుచుకున్న ఒకే చెట్టు అది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 1434లో భర్త బాల వీరయ్యతో సహగమనం చేసిన తిమ్మమ్మ చితి దగ్గరి గుంజే చిగురించి ఇంత మానైందని ఇక్కడివారి నమ్మకం. జనం రావడం మంచిదే. వచ్చి చేసే పనులే బాధ పెడుతున్నాయి.

ఈమధ్య ఒక ఆదివారం వెళ్తే, పిల్లలు సరే, మీసాలొచ్చినవాళ్లు కూడా లేత ఊడలు పట్టుకుని ఊగుతున్నారు, ఫోన్లో వీడియో కోసం! ఊడ నేల తాకి, వేరూని, లావెక్కితేనే పై కొమ్మకు ఆసరా. అసలు మొదలు పుచ్చిపోయినా మర్రి వందల ఏళ్లు బతికేది ఊడల బలంతోనే. కొస తెగితే కొమ్మ మాత్రం ఆసరా లేకుండానే సాగుతూ పోతుంది, ఏదో ఒక గాలివానకు విరుగుతుంది. అందుకే అటవీ సిబ్బంది లేత ఊడలను వెదురు బొంగుల్లోంచి నేలకు దించుతూ, బరువైన కొమ్మల కింద స్తంభాలు నిలుపుతూ వచ్చారు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి మనకు తెలియంది కాదు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు. చెదలు పట్టిన ఆ మానుకు 2018లో సెలైన్ ఎక్కించినట్టు మందు సీసాలు వేలాడదీయాల్సి వచ్చింది. అక్కడిదాకా రానివ్వడం దేనికి?

మాను కింద ఉన్న తిమ్మమ్మ గుడికి ఒకే దారి ఉంచి, లేత ఊడలు దిగే చోట్ల కంచె వేయాలి. చూసేవాళ్లు వెలుపలి అంచు వెంబడి తిరిగేలా కాలిబాట చాలు. ఎంతోమంది అడుగులు పడి నేల గట్టిపడితే వేళ్లకు నీరూ గాలీ అందవు. వాహనాలు, వంట పొయ్యిలు దూరంగా ఉండాలి. ముఖ్యంగా, అభివృద్ధి పేరుతో అక్కడ సిమెంటు, టైల్స్ పరచొద్దు. (మన ఊళ్లలో ఏ రచ్చబండ చెట్టును చూసినా మెడదాకా సిమెంటే!) కష్టపడి దిగొచ్చిన ఊడకు తీరా మట్టి దొరక్కపోతే ఎలా?

భక్తులను ఆపమని నేననడం లేదు. జాతర రోజు కాపలా పెంచితే వాళ్లే సహకరిస్తారు. వచ్చే శివరాత్రిలోపే జిల్లా కలెక్టరు, అటవీ అధికారులు, గూటిబయలు పెద్దలతో కూర్చుని ఈ ఏర్పాట్లు తేల్చాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కదిరి