శీనుగాడికి తెమడ డబ్బా కథ

ఒరేయ్ శీనూ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఎంతైనా తిట్టుకో, వద్దనను. అమ్మ బాగుంది, మోకాళ్ల నొప్పులు మామూలే. వరి కోతలయ్యాయి. తమ్ముడికి సంబంధం ఇంకా కుదరలేదు. ఇక అసలు సంగతి విను, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మన లచ్చవ్వత్త ఒకటే దగ్గు. అడిగితే "బీడీల తంబాకు దుమ్ము బిడ్డా" అనేది. మనిషి సగమైంది. మొన్న పంచాయతీ ఆఫీసు దగ్గర ఆశా కార్యకర్త ఆమెకి టీబీ పరీక్షకని తెమడ డబ్బా ఇస్తుంటే మన పంచాయతీ పెద్ద, అదే మనం సైకిల్ పంపు అనేవాడు, అడ్డొచ్చాడు. "ఇప్పుడేం తొందర, జనవరిలో చేయించుకోవచ్చు" అన్నాడురా!

ఎందుకో తెలుసా? టీబీ ముక్త్ పంచాయతీ, అంటే టీబీ లేని ఊరు అనే సర్కారు సర్టిఫికెట్ కోసం! ఏడాదిలో వెయ్యి మందికి ఒక కేసు దాటకూడదని దానికో షరతు. ఊళ్లో ఉన్నది పద్దెనిమిది వందల మంది. ఒక కేసు ఇప్పటికే రాసేశారు. అత్తది రెండోదైతే గాంధీ బొమ్మ పోతుంది. నిజంగా బొమ్మే ఇస్తారు, మొదటి ఏడాది కంచు రంగుది, వరసగా మూడేళ్లయితే బంగారు రంగుది. పంపు ఇంట్లో షోకేసు సంగతి నీకు వేరే చెప్పాలా!

నాకు నోట మాట రాలేదు. ఆశా ఆమె మాత్రం ఊరుకోలేదు. "వెయ్యికి ముప్పై టెస్టులు చెయ్యాలని కూడా అందులోనే ఉంది సార్. దగ్గేవాళ్లని వదిలేసి ఇంకెవరికి చెయ్యమంటారు?" అంది. పంపులో గాలి పోయింది. ఆ శబ్దం నువ్వు వినాల్సింది!

ట్రూనాట్ అనే తెమడ పరీక్షలో అత్తకి టీబీ ఉందని తేలింది. మందులు మొదలయ్యాయి, ఆరు నెలలు మింగాలి. మూత్రం ఎర్రగా వస్తోందని అత్త హడలిపోతే, అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగేనని చెప్పేసరికి నవ్వింది.

నిజానికి నా కోపం పంపు మీద కాదు. కేసులు తక్కువ కనబడితే బహుమతి అన్నవాళ్ల మీద. 2025కల్లా టీబీని తరిమేస్తామని 2018లో ఢిల్లీలో ప్రకటించారు కదా, ఏడాదికి లక్ష మందిలో 44 కొత్త కేసులకి దించాలని ప్లాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2015లో 237 ఉంటే 2024లో 187. తగ్గలేదనను, ప్రపంచ సగటు కన్నా వేగంగానే తగ్గింది. కానీ 44 ఎక్కడ, 187 ఎక్కడ! అందని గడువు పెట్టుకుని, అది దగ్గరికొచ్చేసరికి కాగితాల మీద దించుదామంటే... పోనీలే.

తిండి మాటో? జార్ఖండ్‌లో రోగి ఒక్కరికే కాదు, ఇంట్లో అందరికీ సరుకులిచ్చి చూశారు. ఇంట్లోవాళ్లకి టీబీ జబ్బు రావడం 39 శాతం తగ్గింది. ఇక్కడ సర్కారు డబ్బు రోగికి మాత్రమే, నెలకి వెయ్యి రూపాయలు, 2024 నవంబరు దాకా అదీ ఐదొందలే. అత్త ఆ డబ్బుతో గుడ్లు కొని తాను తింటుందా, మనవలకి పెడుతుందా? నువ్వే చెప్పు, ఆమెని ఎరగవా?

బడికెళ్లే ఆ పిల్లలకి కూడా టెస్టు చేయించాలి, అందరికన్నా చిన్నవాడికి ముందుజాగ్రత్త మాత్రలు ఇస్తామన్నారు కానీ వాళ్ల నాన్న... అయ్యో, రాజు బండి స్టార్ట్ చేశాడు, ఈ కవరు వాడి చేతికే ఇవ్వాలి. మిగతాది మళ్లీ రాస్తా.

నీ
గోపి