కొంప అనాలా, గుడిసె అనాలా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా, అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మూడు రోజులుగా ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయానురా. ట్రాన్స్‌లేషన్ పని చేస్తున్నా కదా, అందులో హోవెల్ అని ఒక ఇంగ్లీషు మాట తగిలింది. చిన్నగా, మురికిగా, రేపో మాపో కూలేలా ఉండే ఇల్లు అన్నమాట. గుడిసె అని టైప్ చేసేసి పడుకున్నా, నిద్ర పట్టలేదు.

మీ నాయనమ్మ గుడిసె గుర్తుందా? తాటాకు కప్పు, పేడతో అలికిన నేల, తెల్లారేసరికి వాకిట్లో ముగ్గు, అందులో మురికెక్కడుందిరా? గుడిసె అంటే కట్టుబడి ఎలా ఉందో చెప్పే మాట, అంతే. హోవెల్‌లో ఈసడింపు కలిసే ఉంటుంది. అదీ మొదట్నించీ లేదట, 15వ శతాబ్దంలో పశువుల్ని కట్టేసుకునే, సామాన్లు పెట్టుకునే షెడ్డునే అలా అనేవాళ్ళు, అచ్చం మన పాకలాగే, గొడ్లకీ పాకే మనుషులకీ పాకే.

పోనీ కొంప అందామా అంటే, "ఈ కొంపలో ఎలా ఉంటున్నావ్" అని పక్కోడంటే ఒళ్ళు మండుతుంది, "మా కొంపకెప్పుడొస్తావ్‌రా" అని నువ్వంటే వెంటనే బస్సెక్కాలనిపిస్తుంది.

ఇక్కడ హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వెనకున్న ఇళ్ళని మావాళ్ళు స్లమ్ అంటారు, పేపర్లోనేమో మురికివాడ. అక్కడుండేవాళ్ళు మాత్రం మా బస్తీ అంటారు, ఉర్దూలో జనం కాపురముండే చోటని అర్థం. 2018లో గవర్నమెంటు క్లినిక్‌లు పెట్టినప్పుడు కూడా బస్తీ దవాఖానా అనే పేరే పెట్టింది, నాకది చాలా నచ్చింది. 2011 జనాభా లెక్కల్లో స్లమ్‌కి చెప్పిన అర్థం చదివా, కనీసం 300 మందో, 60-70 కుటుంబాలో ఇరుకు ఇళ్ళల్లో ఉండాలి, సరైన మంచినీళ్ళూ మరుగుదొడ్లూ ఉండవు అని. నీళ్ళూ డ్రైనేజీ ఇవ్వనిది ఎవరు, మురికి అనే పేరు పడేది ఎవరికి చెప్పు! ఆ మాట చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

నేను ట్రాన్స్‌లేట్ చేస్తున్న కథలో హోవెల్ అనే మాట వాడేది భూస్వామి కొడుకు, తన కౌలురైతు ఇంటిని చూసి. అందుకే వాడి నోట కొంప అనే పెట్టా, రైతు భార్య మాట్లాడే చోట మాత్రం ఇల్లు అనే ఉంచా. మీ నాన్నగారు పాడుబడ్డ ఇళ్ళకి ఇంకేదో మాట వాడేవారు, నాకెంతకీ గుర్తు రావట్లేదు, అడిగి చెప్పరా, శుక్రవారం లోపు ఫైల్ పంపేయాలి.

నీ
రవి